ఐదో అంతస్తులో నీళ్లు పడ్డ రోజు

నేను పదకొండేళ్లు ఇళ్లు అమ్మాను. అంతకు ముందు ఇరవై ఏళ్లు ఒక బట్టల కొట్టులో చీరలు అమ్మాను. రెండింటిలో చీరలే కష్టం. చీర కొనడానికి వచ్చిన మనిషికి ఏం కావాలో ఆమెకే తెలియదు. అనంతపురంలో ఇల్లు కొనడానికి వచ్చిన మనిషికి ఏం కావాలో దారిన పోయేవాళ్లకు కూడా తెలుసు. నీళ్లు కావాలి. తక్కినవి ఉంటే మంచిదే, లేకపోతే సర్దుకుంటారు.

ఈ మధ్య ఇళ్లు అమ్మే ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలు మెడలో కార్డులు వేలాడేసుకుని నా దగ్గరికొచ్చి సలహాలు అడుగుతున్నారు. సలహాలు నా దగ్గర లేవమ్మా. ఒక సంగతి ఉంది. అందులో నేనేమీ గొప్పగా కనబడను. అయినా రిటైరైన మనిషిని కదా, ఇప్పుడు చెబితే పోయే ఉద్యోగం లేదు.

మా ఓనరు పాతూరులో ఒక పాత శనక్కాయల గోడౌను కొని, పడగొట్టి, ఐదంతస్తుల బిల్డింగు కట్టాడు. చుట్టూ తాతల నాటి రాతి మిద్దెలు. వీధి ఎంత సన్నమంటే, రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. అలాంటి చోట అంతస్తుకు ఒకటే ఇల్లు అన్నాడు. బెంగళూరులో ఎక్కడో చూసొచ్చాడట. కింది మూడంతస్తులు చుట్టాలకు అంటగట్టాడు. నాలుగో దాంట్లో మా ఆఫీసు పెట్టాడు. మిగిలింది ఐదోది. దాని మీదే ఆయన ప్రాణం. నేలకంతా ఇటలీ పాలరాయి, గోడంత అద్దాలు, పెద్ద పడగ్గది, దాన్ని ఆనుకుని స్నానాల గది, అందులో మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత తెల్లటి బాత్ టబ్బు.

అమ్మకం కాయితంలో "చారిత్రక పాతూరు నడిబొడ్డున" అని వేయించాడు. చరిత్ర ఏదైనా రాయమ్మా అని నాకు పురమాయించాడు. నాకు తెలిసిన చరిత్రంతా గోడౌనులో ఎలుకలు. ఉద్యోగం కదా, పూర్వం రాజుల గుర్రాలు ఇక్కడే ఆగి నీళ్లు తాగేవి అని రాసేశాను. చదివిన ప్రతివాడూ ఒకే ప్రశ్న అడిగాడు.

"అప్పుడు నీళ్లుండినాయా? మరి ఇప్పుడు యాడికి పోయినాయి?"

రెండోసారి అచ్చు వేసినప్పుడు గుర్రాలను తీసేశాం.

నీళ్ల మీద అనుమానం మాత్రం తీసేయలేకపోయాం. వచ్చినవాళ్లు పాలరాయి చూడరు, అద్దాలు చూడరు, నేరుగా పోయి కొళాయి తిప్పుతారు. నీళ్లు వస్తే, "ఇప్పుడు వస్తాండాయి లే, ఎండాకాలం సంగతేంది?" అంటారు. రాకపోతే మాట్లాడకుండా లిఫ్టు ఎక్కుతారు. అందుకని నేనొక ఉపాయం పన్నాను. మున్సిపాలిటీ నీళ్లు వదిలినప్పుడల్లా ఆ టబ్బును అంచుదాకా నింపించి పెట్టాను. ఐదో అంతస్తులో అంత నిండుగా నీళ్లు కనబడితే ఏ ఆడమనిషైనా ఒక నిమిషం నిలబడి చూసేది. కొందరు చెయ్యి పెట్టి చూసేవాళ్లు. ఉపాయం బాగానే పారింది, ఇల్లు మాత్రం అమ్ముడుపోలేదు.

ఇక్కడ మీకు మా ప్లంబరు భాయ్ గురించి చెప్పాలి. రాయదుర్గం వైపు మనిషి. నాకంటే పదిహేనేళ్లు చిన్న, నన్ను అక్కా అని పిలిచేవాడు. పని తప్ప మాట తెలియని మనిషి. అంతకు ముందు పనిచేసిన బిల్డింగులో ఎవడో చేసిన లీకు ఇతని మీదికి తోశారు. దాంతో "లీకు మేస్త్రీ" అనే పేరు పడింది. రెండేళ్లు ఊళ్లో ఎవరూ పనికి పిలవలేదు. మా ఓనరు తక్కువకు దొరుకుతాడని తీసుకున్నాడు. తీసుకున్న రోజే, "ఒక్క చుక్క కారినా ఆ రోజే నీ సంచి సర్దుకో" అన్నాడు.

భాయ్ ఆ టబ్బును బిగించి, అడుగున తూము పైపును మాత్రం అతికించకుండా వదులుగా పెట్టాడు. ఒకసారి నీళ్లు వదిలి, వాలు సరిగ్గా ఉందో లేదో చూసుకుని, అప్పుడు అతికించడం అతని పద్ధతి. ఈలోగా నేను టబ్బు నింపేశాను.

"అక్కా, ఒకసారి ఆ బిరడా తీస్తే టెస్టింగు చూసుకుంటా," అన్నాడు.

"అన్ని నీళ్లూ పోతాయి కదా భాయ్?"

"పోతాయి మరి. పోతేనే కదా తెలిసేది."

"వచ్చే వారం చూద్దాంలే."

వచ్చే వారం మళ్లీ అడిగాడు. ఆ పై వారం మళ్లీ అడిగాడు. మూడోసారి అడిగినప్పుడు కొంచెం గొంతు తగ్గించి, "ఇంకొక లీకు నా పేరు మీద పడితే ఈ ఊర్లో నన్ను పిలిచేటోళ్లు ఉండరక్కా," అన్నాడు. నేను సరే సరే అన్నాను. కానీ మీరే చెప్పండి, వీధి కొళాయి కాడ బిందెలు వరసలో పెట్టి పెరిగినదాన్ని, కడిగిన బియ్యం నీళ్లు కూడా చెట్టుకు పోసేదాన్ని, ఇంత టబ్బు నీళ్లు ఊరికే మోరీలోకి ఎలా వదలను? ఏదో బాకీ పడ్డట్టు ఆ పని వాయిదా వేస్తూనే ఉన్నాను.

అప్పుడొచ్చాడు నూనె మిల్లు శెట్టి. ఊళ్లో పెద్ద వ్యాపారస్తుల కుటుంబం. కొడుక్కు పెళ్లి చేశాడు, పాత మిద్దె చాలడం లేదు, కానీ పాతూరు వదిలి పోడు. వెంట వాళ్లమ్మను తీసుకొచ్చాడు. ఎనభై దాటిన అవ్వ. ఆమె లిఫ్టు దిగి నాలుగు వైపులా చూసి అడిగిన మొదటి మాట:

"పక్కింట్లో ఎవరుంటారే?"

"ఎవరూ ఉండరవ్వా. అంతస్తంతా మీదే," అన్నాను, ఓనరు నేర్పిన నవ్వుతో.

"అయితే మజ్జిగ తోడు కావాల్నంటే ఎవర్ని అడగాల? నాలుగంతస్తులు దిగి పోవాల్నా?"

ఇటలీ పాలరాయిని అంతకు ముందు ఎవరూ ఇంత సులభంగా ఓడించలేదు. శెట్టి మాత్రం ఇల్లు నచ్చినట్టే తిరిగాడు. పోతూ పోతూ, "ఆదివారం మా నీళ్లు చూసే ఆయనను పిల్చుకొస్తాను. ఆయన చూడకుండా మా ఇంట్లో సెంటు జాగా కూడా కొన్లేదు," అన్నాడు. బోర్లు వేసే ముందు అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా నడిచేవాళ్లు మా వైపు ఊరికొకరు ఉంటారు. భూమిలో నీళ్లున్న చోట పడుకున్న టెంకాయ నిటారుగా లేస్తుంది. మా వాళ్లు డాక్టరును అనుమానిస్తారు గానీ ఈ టెంకాయను అనుమానించరు.

శుక్రవారం నాడు దోమల పని చూసే అమ్మాయి వచ్చింది. ఇంటింటికీ తిరిగి, నిలవ నీళ్లు పారబోయించే ఉద్యోగం ఆమెది. నాలుగంతస్తులూ చూసి ఐదోది కూడా ఎక్కింది. టబ్బులోకి టార్చి వేసి, "ఇవేంది మేడమ్, పురుగులు ఈదులాడతాండాయి. ఇప్పుడే వదలండి," అంది.

"ఇంకో రెండు రోజులు ఆగమ్మా. ఆదివారం పార్టీ వస్తాండారు."

"దోమలకు ఆదివారం తెలుస్తుందా మేడమ్? వదుల్తారా, జరిమానా రాసుకొని పొమ్మంటారా?"

భాయ్ ఆ రోజు ఊళ్లో లేడు, రాయదుర్గంలో పెళ్లికి పోయాడు. నేనూ, వాచ్‌మన్ భార్యా కలిసి దొరికిన బకెట్లన్నీ తెచ్చి ముంచాం. ఆరు బకెట్లు దక్కాయి. ఏడో బకెట్టు వెతుకుతుంటే ఆ అమ్మాయి విసుక్కుని తనే చెయ్యి పెట్టి బిరడా పీకేసింది. నీళ్లు గుడగుడమని తిరుగుతూ పోయాయి. పోతున్న నీళ్ల మీదే నా చూపంతా. అవి ఎక్కడికి పోతున్నాయో, ఆ పైపు ఇంకా అతికించలేదన్న మాట, నా బుర్రకు తట్టనే లేదు.

ఆదివారం పొద్దున ఆఫీసు తెరిచేసరికి తెలిసింది. నా బల్ల మీద పరిచిన అమ్మకం కాయితాల మీద టప్పుమని ఒక చుక్క పడింది. తలెత్తి చూస్తే పైకప్పులో చపాతీ అంత తడి మచ్చ. గబగబా ఒక గిన్నె పెట్టి, దాని ముందు పేపరు అడ్డం పెట్టి, ఏమీ ఎరగనట్టు పైకి పోయాను. అప్పటికే అందరూ వచ్చేశారు. ఓనరు కొత్త చొక్కాలో ఉన్నాడు. పెళ్లి నుంచి తిరిగొచ్చిన భాయ్ ఒక మూల నిలబడ్డాడు. శెట్టి, అవ్వ, వాళ్లతో రాప్తాడు అవతలి పల్లె నుంచి వచ్చిన నీళ్లు చూసే ఆయన, సన్నగా, తలపాగాతో.

ముందు కింద కార్లు పెట్టే చోట చూశారట. టెంకాయ కదల్లేదు. శెట్టి ముఖం వాడిపోయింది. అప్పుడు అవ్వ అందట, "మనం కొనేది కింద కాదు కదరా. కొనేది పైన. ఆడ చూడనీ." ఎవరికీ ఇందులో తప్పు కనబడలేదు. ఐదుగురు పెద్ద మనుషులు ఒక టెంకాయను లిఫ్టులో పైకి తెచ్చారు.

నీళ్లు చూసే ఆయన చెప్పులు విడిచి, కళ్లు సగం మూసి, అరచేతిలో టెంకాయ పడుకోబెట్టి హాల్లో నడిచాడు. కదల్లేదు. వంటింట్లో కదల్లేదు. పూజ గదిలో కూడా కదల్లేదు, అవ్వ కొంచెం నొచ్చుకుంది. పడగ్గదిలో, స్నానాల గది గోడ పక్కన బీరువా పెట్టే చోటికి రాగానే ఆ టెంకాయ మెల్లగా లేచి నిలబడింది. నా కళ్లతో చూశాను.

"నీళ్లుండాయి శెట్టీ!" అని అరిచాడు. "మూడు ఇంచీల నీళ్లు. ఎక్కువ లోతు కూడా లే. పది అడుగుల్లోనే తగుల్తాది."

పది అడుగుల కింద సరిగ్గా నా బల్ల ఉంది.

శెట్టి రెండు చేతులూ జోడించాడు. ఓనరు కూడా జోడించాడు. ఆయన సివిల్ ఇంజనీరింగు చదివినవాడు. ఊళ్లో నాలుగు వందల అడుగులు బోరు వేసినా దుమ్ము లేచే చోట, ఐదో అంతస్తులో నీళ్లు పడ్డాయంటే కాదనడానికి ఆయనకు మనసొప్పలేదు. ఆ ఆనందంలోనే, "ఉండండి, స్వీట్లు తెస్తా," అంటూ మెట్ల మీద ఆఫీసుకు పరుగెత్తాడు. స్వీట్లు నా బల్ల మీదే ఉన్నాయి. గిన్నె పక్కన.

తిరిగొచ్చినప్పుడు ఆయన చేతిలో స్వీట్లు లేవు. గిన్నె ఉంది.

ఆ తర్వాత ఒక అరగంట నడిచింది. ఇన్నాళ్లూ ఈ కథ పెళ్లిళ్లలోనూ, నా వీడ్కోలు సభలోనూ చెప్పి అందర్నీ నవ్వించాను. ప్రతిసారీ ఈ అరగంటను దాటేసి చెప్పాను. ఈసారి దాటను.

ఓనరు నేరుగా భాయ్ మీదికి పోయాడు. "లీకు మేస్త్రీ అని ఊరంతా చెప్పినా నేనే నమ్మలా. నా నోట్లో మన్ను కొట్టినావు కదరా," అన్నాడు. ఇంకా చాలా అన్నాడు. వాళ్ల నాయన దాకా పోయాడు. శెట్టి, అవ్వ, టెంకాయ ఆయన అందరూ వింటున్నారు. భాయ్ నా వైపు ఒక్కసారి చూశాడు. నేను కిటికీ బయటికి చూశాను. యాభై ఐదేళ్ల వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు అనే ఒక్క ఆలోచనే నా తలలో తిరుగుతోంది. చెబుదామని నోరు తెరిచాను, మూశాను. సిగ్గుగా ఉంది చెప్పడానికి, అయినా అదే జరిగింది.

పాలరాయి తియ్యమన్నాడు ఓనరు. భాయ్ కూర్చుని ఉలితో రెండు పలకలు లేపాడు. కింద ఇసుక తడిసి, గుంటలో నీళ్లు తేటగా నిలిచి ఉన్నాయి. అవ్వ ముందుకొచ్చి, వంగి, వేలితో తాకి కళ్లకద్దుకుంది.

"చూడండప్పా," అన్నాడు టెంకాయ ఆయన. "నా టెంకాయ అబద్ధం చెప్పినాదా?"

"అది పైపు నీళ్లన్నా!" అన్నాడు ఓనరు ఏడుపు గొంతుతో.

"ఏ నీళ్లయితే ఏమి? యాడ నుంచి వచ్చినావని టెంకాయ అడగదు."

ఓనరు భాయ్ వైపు తిరిగి, "సంచి సర్దుకో. ఊర్లో ఇంకెవరూ నిన్ను పనికి పిలవకుండా నేను చూసుకుంటా," అన్నాడు. భాయ్ ఉలి తుడిచి సంచిలో పెట్టాడు. పానా తుడిచి పెట్టాడు. సుత్తి తీసుకున్నాడు. ఆ సుత్తి కూడా సంచిలోకి పోతే ఇక నేను జన్మలో నోరు తెరవలేనని అనిపించింది.

"సార్, అతను మూడుసార్లు అడిగినాడు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నీళ్లు వదిలి చూస్తానని మూడుసార్లు అడిగినాడు. వద్దన్నది నేను. శుక్రవారం అతను లేనప్పుడు బిరడా తీస్తుంటే ఆపనిది కూడా నేనే."

"వద్దన్నావా? ఎందుకు వద్దన్నావమ్మా?"

"టబ్బు నిండా నీళ్లు సార్. పారబోయడానికి చేతులు రాలా."

ఓనరు నన్ను తిడతాడని చూశాను. ఆయన చూపు నా మీద నుంచి ఆ గుంట మీదికి, అక్కడి నుంచి ఖాళీ టబ్బు మీదికి పోయింది. ఆయన కూడా ఈ నేల మనిషే కదా.

"అన్నీ పోయినాయా?" అని అడిగాడు, చాలా మెల్లగా.

"ఆరు బకెట్లు దక్కినాయి సార్."

"ఆరన్నా దక్కినాయి లే," అన్నాడు శెట్టి, ఓదార్పుగా.

"తొట్టి నిండా ఉండె కదా, ఎన్ని బిందెలు పోయింటాయో," అంది అవ్వ. టెంకాయ ఆయన వేళ్లు మడిచి లెక్క వేసి తల అడ్డంగా ఊపాడు. అందరం చావింట్లో లాగా ఆ గుంట చుట్టూ నిలబడ్డాం. పగిలిన ఇటలీ పాలరాయి మాట ఒక్కరూ ఎత్తలేదు.

శెట్టి ఇల్లు కొన్నాడు. పైపు నీళ్లని నేనూ, ఓనరూ ఎంత చెప్పినా టెంకాయ లేచిన మాట లేచిందే కదా అన్నాడు. అవ్వ రెండు షరతులు పెట్టింది. మొదటిది ఆ టబ్బు పీకేసి అక్కడ మూత ఉన్న నీళ్ల తొట్టి కట్టాలి. "దాంట్లో పండుకొని నీళ్లు పోసుకునేంత పాపం మేమేమీ చేయలా," అంది. రెండోది, ఆఫీసు అక్కడున్నన్నాళ్లూ నేను రోజూ ఒక గిన్నెలో మజ్జిగ ఉంచాలి. దానికి ఒప్పుకుంటూ నేను సంతకం ఏమీ చేయలేదు గానీ, ఆఫీసుకు ఫ్రిజ్ వచ్చింది దానివల్లే.

నా ఉద్యోగం పోలేదు. ఓనరు భాయ్‌తో, "సరే, రేపు రా," అన్నాడు. అంతే, ఇంకో మాట అనలేదు. అరగంట తిట్టిన నోటికి తప్పయింది అనే రెండు మాటలు బరువయ్యాయి.

సోమవారం భాయ్ వచ్చాడు. టబ్బు తీసేశాడు, తొట్టికి కొత్త పైపు అతికించాడు, నీళ్లు నింపాడు. ఈసారి నన్ను అడగకుండానే తూము తెరిచి మొత్తం వదిలేశాడు. నేను కింద ఆఫీసులో పైకప్పును చూస్తూ కూర్చున్నాను. ఒక్క చుక్క పడలేదు. సాయంత్రం తాళాలు ఇవ్వడానికి వచ్చి, బల్ల మీద పెట్టి, పోకుండా నిలబడ్డాడు.

"అక్కా, ఒకటి అడగాల. అందరి ముందర నన్ను అన్నేసి మాటలంటా ఉంటే అంతసేపు ఎందుకు ఊరకున్నారు?"

అబద్ధం చెప్పడానికి నాకు ఓపిక లేకపోయింది. "భయపడినాను భాయ్," అన్నాను. "ఉద్యోగం పోతుందని."

అతను కోపంగా ఏమీ లేడు. సంచి భుజానికి తగిలించుకుంటూ తల ఊపాడు.

"నాకూ అదే భయం అక్కా. అందుకే కదా మూడుసార్లు అడిగింది."

లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.